నీళ్లు పోయే దారి: మా పాత కారు బాగుచేత డైరీ

మాది 2013 మోడల్ తెల్ల కారు. చిన్నది, పెట్రోలు బండి. కంపెనీ పేరెందుకులెండి, మీ వీధి చివర నిలబడితే ఇలాంటివి నాలుగు కనపడతాయి. మీటరు లక్ష దాటి చాన్నాళ్లయింది. ఇంజను మీద ఫిర్యాదేమీ లేదు. ఆయిలు వేళకి మారుతోంది, ఘాట్ రోడ్డు ఎక్కాల్సిన పని ఈ నేలలో ఎలాగూ లేదు. బెంగంతా రేకు గురించే.

ఉండేది రాజోలు దీవిలో. ఒకపక్క వశిష్ఠ, ఒకపక్క వైనతేయ, కింద సముద్రం. గాలిలో ఉప్పు, బోరులో ఉప్పు, ఏడాదిలో సగం నెలలు తడి. హైదరాబాద్‌లో మా చెల్లెలి వాళ్ల కారు దీనికన్నా పాతది. కింద పడుకుని చూస్తే దాని రేకు ఇంకా ఫ్యాక్టరీ రంగులోనే ఉంది. ఇక్కడ బండిని తినేది కిలోమీటర్లు కాదు, తడి. అందుకే ఈసారి పాలిష్ సంగతి చివరికి నెట్టేసి, తడి ఎక్కడెక్కడ ఆగుతోందో ముందు వెతుకుదామనుకున్నాను. గడువు సంక్రాంతి. పండక్కి చెల్లి, బావగారు, పిల్లలు వస్తారు, తిరుగుళ్లన్నీ ఈ బండి మీదే.

నాన్నగారి మాట వేరు. "ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకోరా, దాని మీద పెట్టేదంతా దండగ" అంటారు. పండగ దాకా ఆగమన్నాను.

నాగుల చవితి తర్వాతి ఆదివారం

ఎడమవైపు వెనక తలుపు వేస్తుంటే లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. కిందటి వారం వానలకి చేరినవే.

తలుపులోకి నీళ్లు వెళ్లడం తప్పేమీ కాదు. అద్దం పక్కన ఉండే రబ్బరు పట్టీ నీళ్లని పూర్తిగా ఆపదు, ఆపేలా తయారు చేయరు కూడా. అద్దం మీంచి జారిన నీళ్లు తలుపు లోపలికి దిగి, అడుగు అంచున ఉన్న సన్నటి కంతల్లోంచి బయటికి పోవాలి. ఆ కంతలు పూడితే తలుపే తొట్టె అయిపోతుంది, రేకు లోపలి నుంచి కుళ్లడం మొదలవుతుంది. బయట రంగు ఉబ్బి పొక్కు కనపడేసరికి లోపల సగం పోయినట్టే.

తలుపు బార్లా తీసి, కింద చేత్తో తడిమితే ఒక్కో తలుపుకి రెండు మూడు కంతలు తగులుతాయి. మా దాంట్లో అన్నీ మూసుకుపోయి ఉన్నాయి. వీటికి కొబ్బరి ఈనెని మించిన పనిముట్టు లేదు. ఇనపతీగ రంగుని గీకేస్తుంది, అగ్గిపుల్ల విరిగి లోపలే ఉండిపోతుంది. ఈనె వంగుతుంది, విరగదు, రేకుకి గీతా పడదు. చీపురు లోంచి ఒకటి లాగి, మొదటి కంతలో పెట్టి తిప్పాను. ముందు నల్లటి బురద చిన్న ముద్దగా వచ్చింది, దాని వెనకే డికాషన్ రంగులో నీళ్లు సన్నటి ధార కట్టి కారాయి. ఆ ముద్దని నలిపి చూస్తే సగం మట్టి, సగం కొబ్బరి పువ్వు.

కారు చెట్ల కింద పెట్టేవాళ్లందరికీ ఈ కొబ్బరి పువ్వు తెలుసు. గెల విచ్చుకున్న దగ్గర్నుంచీ మగపూలు రోజూ రాలుతూనే ఉంటాయి. లేత పసుపు రంగు, మూడు రేకులు, కాస్త గట్టిగా ఉంటాయి. బానెట్ మీద పడితే చేత్తో దులిపేస్తాం. సందులో పడ్డవి మాత్రం తడిసి, కుళ్లి, మట్టితో కలిసి బిరడా అయిపోతాయి. పువ్వుకే ఇంత ఉంటే కాయ సంగతి చెప్పక్కర్లేదు. కాయల దింపు ఉన్న రోజున బండి రోడ్డు మీదే.

ఇదంతా చేస్తుంటే అనిపించింది, డెల్టా రైతుకి ఈ కారు వ్యవహారం ఒకరు చెప్పక్కర్లేదని. చేనుకి నీళ్లు తెచ్చే కాలువ ఎంత ముఖ్యమో, తీసుకుపోయే మురుగు కాలువా అంతే ముఖ్యం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది, నీళ్లు రావడం అప్పుడే వచ్చాయి. పోవడం దగ్గరే ఇప్పటికీ ప్రతి వానాకాలం గొడవ. కారూ సరిగ్గా అలాంటి చేనే.

క్షీరాబ్ది ద్వాదశి దాటాక

తలుపులయ్యాయి. నీళ్లు పోవాల్సిన దారులు ఇంకా ఎక్కడున్నాయో వెతికాను.

వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది. బానెట్ ఎత్తి దాని క్లిప్పులు ఊడదీస్తే కింద చిన్న కాలువ, దానికి రెండు చివర్లా కంతలు. అద్దం మీద పడ్డ వానంతా అక్కడికే చేరుతుంది. అది పూడితే నీళ్లు పొంగి, ఏసీకి గాలి వెళ్లే దారిలోంచి కారు లోపలికి దిగుతాయి. వేపాకు, కొబ్బరి పువ్వు, ఓ పిచ్చుక గూడు తాలూకు పీచు, కలిపి ఓ చేటెడు తీశాను.

రెండోది ఏసీ గొట్టం. మన దగ్గర గాలిలో ఉన్న తడికి, ఏసీ వేసిన కాసేపటికే బండి కింద టపటపా చుక్కలు పడాలి. పడలేదంటే సంతోషించకండి, ఆ నీళ్లు లోపలే ఎక్కడో కారుతున్నాయన్నమాట. మా బండిలో ముందు ఎడమ సీటు దగ్గర కార్పెట్ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. పిల్లలు వాటర్ బాటిల్ ఒలకబోశారని ఇంట్లో రోజూ పంచాయితీ. గొట్టం మొన బండి కింద, ఇంజనుకీ కేబిన్‌కీ మధ్య గోడ దగ్గర దొరికింది. బండి చల్లారాక ఈనె సుతారంగా పెట్టి తిప్పితే జిగురు జిగురుగా పాచి వచ్చింది, తర్వాత గ్లాసుడు నీళ్లు. పిల్లలకి బెయిల్ దొరికింది.

మూడోది డిక్కీలో స్టెప్నీ గుంత. టైరు తీసి చూస్తే అడుగున నీళ్లు. గుంతలో రబ్బరు బిరడా ఉంటుంది, తీసేస్తే నీళ్లు పోతాయి. కానీ అవి వచ్చింది ఎక్కడి నుంచో తేలాలి కదా. డిక్కీలో టార్చి పట్టుకుని మా పెద్దాణ్ని కూర్చోబెట్టి, తలుపు మూసి, బయట నుంచి పైపుతో నీళ్లు కొట్టాను. "నాన్నా, లైటు పక్కన!" అని లోపల్నుంచి కేక. వెనక లైటు చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి పగిలిపోయింది. కొత్తది వేయించాను. పాత కార్లలో స్టెప్నీ గుంత తడిగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఈ లైట్లనీ, డిక్కీ తలుపు రబ్బరునీ.

పోలి పాడ్యమి వారం

లోపలి పని. సీట్లు ఊడదీద్దామనుకుని మానేశాను. ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు ఉంటే అవి ఎయిర్‌బ్యాగ్, సీటుబెల్టు తాలూకువి, వాటి జోలికి ఇంట్లో వెళ్లకూడదు. సీట్లు వెనక్కీ ముందుకీ జరుపుకుంటూనే కానిచ్చాను.

కార్పెట్‌లో అంతర్వేది ఇసుక. సముద్రపు ఇసుకతో వచ్చిన చిక్కేమిటంటే దాంతోపాటు ఉప్పు వస్తుంది, ఉప్పు గాలిలో తడిని లాగుతుంది. ఎంత ఎండబెట్టినా సాయంత్రానికి కార్పెట్ మళ్లీ చెమ్మగిల్లుతుంది. వట్టి వ్యాక్యూమ్‌కి ఈ ఇసుక రాదు. గట్టి బ్రష్‌తో వెంట్రుకలకి ఎదురుగా గీస్తూ పక్కనే వ్యాక్యూమ్ పట్టాలి. తర్వాత మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్దాలి, మళ్లీ పొడి గుడ్డతో అద్దాలి. ఉప్పు పోవాలంటే నీళ్లు తగలక తప్పదు, అందుకే ఈ పని ఎండ బాగా కాసే రోజు పొద్దున్నే పెట్టుకోవాలి. పైనున్న రబ్బరు మ్యాట్లు మంచివే, కానీ కింద చెమ్మ ఉంటే దాన్ని కదలనివ్వవు. ఇప్పుడు వారానికోసారి మ్యాట్లు ఎత్తి గోడకి ఆనిస్తున్నాం.

వెనక సీటు మీద తాపేశ్వరం కాజా పాకం. దీనికి సబ్బూ షాంపూ అక్కర్లేదు. వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అలా వేసి ఉంచితే పాకం కరిగి గుడ్డకి ఎక్కుతుంది. చీమలు కూడా ఖాళీ చేసి పోయాయి.

సీట్ల తల ఆనే చోట కొబ్బరినూనె మరకలు, గుండ్రంగా, గోధుమ రంగులో. వాటి మీద మొక్కజొన్న పిండి దట్టంగా అద్ది రాత్రంతా వదిలేశాను. పొద్దున దులిపేసి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్దాను. అమ్మ సీటు దగ్గరది పూర్తిగా పోలేదు, అది ఏళ్ల తరబడి పట్టిన నూనె. కవరు తొడిగేశాం.

ఇక పులస చేప సంగతి. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజుల్లో ఎవరో చుట్టాల కోసమని థర్మాకోల్ పెట్టెలో ఐసు పెట్టి డిక్కీలో తీసుకెళ్లాం. పెట్టె మూల చిట్లి ఐసు నీళ్లు డిక్కీ కార్పెట్‌లోకి దిగాయి. పుస్తెలమ్మైనా తినమన్నారు గానీ, ఆ వాసనతో మూడు నెలలు కాపురం చెయ్యమని ఎవరూ అనలేదు. సెంటు సీసాలు వేలాడదీస్తే పులస, మల్లెపూలు కలిసి ఇంకో వాసన తయారైంది. అది మరీ ఘోరం.

చేప వాసనకి మూలం అమీన్లు, అవి క్షార గుణం ఉన్నవి. పులుపు తగిలితే ఆ క్షారం విరిగి వాసన తగ్గుతుంది. పులుసులో చింతపండు చేసే పని కొంత ఇదే. డిక్కీ కార్పెట్ బయటికి లాగి, ఒక వంతు వెనిగర్‌కి రెండు వంతుల నీళ్లు కలిపి బాగా తడిపి, గంట ఆగి, మంచినీళ్లతో కడిగి, మేడ మీద ఆరేశాను. కార్పెట్ కింద ఉండే దూది అట్టని మాత్రం పారేశాను. వాసన అసలు దాక్కునేది అందులోనే, దాన్ని కడిగినా లాభం లేదు. బజార్లో ఫోమ్ షీటు తెచ్చి ఆ కొలతకి కత్తిరించి వేశాను. కార్పెట్ తిరిగి పరిచాక వంటసోడా చల్లి ఒక రాత్రి ఉంచి వ్యాక్యూమ్ పట్టాను. మా ఆవిడ ముక్కు చాలా చురుకు. ఆవిడ డిక్కీలో తల పెట్టి చూసి ఏమీ అనలేదు కాబట్టి పాసైనట్టే.

మార్గశిరం, కోతలు జోరుగా సాగుతున్న రోజులు

తుప్పు పని. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి దూరడం ప్రాణాలతో ఆట, అందుకని టింకరింగ్ మేస్త్రి గారి షెడ్డుకి తీసుకెళ్లాను, అక్కడ గుంత ఉంది.

అంతకు ముందు ఓ వాషింగ్ సెంటర్ వాళ్లు, కడిగిన గంటలోనే కింద నల్ల కోటింగ్ కొట్టేస్తామన్నారు. ఆ సంగతి చెబితే మేస్త్రి గారు నవ్వారు. "తడి మీద కోటింగ్ కొడితే తుప్పు లోపల్లోపలే పెరుగుద్దండి. మీకు కనపడదు, కనపడేటప్పటికి రేకుండదు. ముందు బండిని రెండ్రోజులు ఎండలో పెట్టి తీసుకురండి."

ఆయన చెప్పినట్టే ఆరబెట్టి తీసుకెళ్లాను. గుంతలోంచి లైటు వేసి చూస్తే భయపడ్డంత లేదు. చక్రాల పైన మడతల్లో, వెనక బంపర్ కింద, ఎడమ తలుపు అడుగున తుప్పు పట్టింది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లారాయన. టంగుమంటే రేకు ఉన్నట్టు, మొద్దుగా మోగితే పోయినట్టు. తలుపు అడుగున ఒక్క చోట మొద్దుగా మోగింది.

మిగతావి నేనే చేశాను. పొరలు పొరలుగా లేచిన తుప్పంతా వైరు బ్రష్‌తో రాల్చి, 80 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, తర్వాత 220తో నున్న చేశాను. గుంటల్లో మిగిలిన తుప్పుకి రస్ట్ కన్వర్టర్ పూశాను. అందులోని ఆమ్లం తుప్పుని ఇనుముకి అంటిపెట్టుకునే నల్లటి పొరగా మారుస్తుంది. పూసిన కాసేపటికే గోధుమ రంగు కళ్ల ముందే నల్లబడుతుంది, చూడ్డానికి బాగుంటుంది. వదులుగా ఉన్న తుప్పు మీద పూస్తే మాత్రం దండగ, పొర పొరంతా ఊడొస్తుంది. ఒక రోజు ఆరాక రెడ్ ఆక్సైడ్, దాని మీద రంగు. ఇళ్ల గేట్లకి ఒట్టి రెడ్ ఆక్సైడ్ కొట్టి వదిలేయడం మన దగ్గర అలవాటు. అది ప్రైమరే, నీళ్లని పూర్తిగా ఆపదు, పైన రంగు పడితేనే దానికి విలువ. తలుపుల లోపలికి మాత్రం రంగు చేరదు కాబట్టి, సన్న గొట్టంతో కేవిటీ వ్యాక్స్, అంటే లోపలి ఖాళీల్లో పట్టించే మైనం, కొట్టించాను. కొట్టాక అడుగు కంతలు మూసుకున్నాయేమోనని మళ్లీ ఈనె పెట్టి చూసుకోవాలి, ఇది మేస్త్రి గారు ప్రత్యేకంగా చెప్పారు.

గుంతలో ఉండగానే సైలెన్సర్ మీద వరిగడ్డి చుట్టుకుని కనపడింది. కోతల కాలంలో రోడ్ల మీదే ధాన్యం, రోడ్ల మీదే గడ్డి. దాని ముందుండే, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడెక్కుతుంది, ఎండుగడ్డికి అంతకన్నా ఏం కావాలి. ఈ నెలన్నర రోజులూ గడ్డి మీంచి వెళ్లొచ్చాక ఓసారి వంగి చూడటం పెట్టుకున్నాం.

ధనుర్మాసం పట్టాక

ఇప్పుడు కడగడం. ఏ నీళ్లతో కడగాలన్నది మా ఊళ్లో పెద్ద ప్రశ్న. పక్కింటి బాబాయ్ వనామీ రొయ్యల చెరువులు చేస్తారు. ఆయన దగ్గర నీటిలో ఉప్పు కొలిచే గొట్టం ఉంది. ఒక చివరున్న గాజు మీద నీటిచుక్క వేసి, మూత వేసి, రెండో చివర కన్ను పెట్టి వెలుతురు వైపు చూస్తే, నీలం రంగు ఎక్కడ ఆగితే అదే లెక్క. మా బోరు నీళ్లు 3 పీపీటీ దగ్గర, అంటే లీటరుకి ఇంచుమించు 3 గ్రాముల ఉప్పు దగ్గర ఆగాయి. సముద్రం 35 దాకా ఉంటుంది. కాలువ నీళ్లు వేస్తే గీత సున్నా దగ్గరే. "రొయ్యకి మీ బోరు పనికొస్తుందిరా అబ్బాయ్, కారుకి కాదు" అన్నారు బాబాయ్.

అందుకని కాలువ నీళ్లు డ్రమ్ములో పట్టి, పటిక నాలుగు తిప్పులు తిప్పి, రాత్రంతా కదపకుండా ఉంచి పైనీళ్లు వాడుతున్నాను. అడుగున దిగే ఒండ్రు చూస్తే తెలుస్తుంది, తేర్చకుండా కడిగితే రంగు మీద ఎన్ని గీతలు పడేవో. బండిని కాలువలోకే దింపి కడిగేవాళ్లున్నారు. ఆ గ్రీజూ ఆయిలూ కింది ఊరి వాళ్లు వాడుకునే నీళ్లలోకే పోతాయి, అది నాకు నచ్చదు.

ఈ నెలలో పొద్దున లేచేసరికి బండి నిండా మంచు, దాని కింద దుమ్ము. ఆ తడే చాలని పొడిగుడ్డతో తుడిస్తే దుమ్ముతో రుద్దినట్టే. ముందు నీళ్లు పోసి మట్టి జారనివ్వాలి. తర్వాత రెండు బకెట్లు: ఒకదాంట్లో కారు షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించుకోవడానికి ఒట్టి నీళ్లు. పైకప్పు నుంచి కిందికి, చక్రాలు ఆఖర్న, వాటికి వేరే గుడ్డ. గిన్నెల సబ్బు వాడితే మైనం పొర లేచిపోతుంది. బోరు నీళ్ల తెల్లచుక్కలు అద్దాల మీద ముదిరి ఉంటే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడిచి వెంటనే కడిగేయాలి. కడిగాక బండిని ఓ చుట్టు తిప్పి, బ్రేకు నాలుగుసార్లు తొక్కితే డిస్కులు ఆరతాయి. మైనం ఓ సాయంత్రం పెట్టాను, దాని గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు.

సఖినేటిపల్లిలో నది దాటించే పంటు ఎక్కి నర్సాపురం వెళ్లొచ్చిన రోజు మాత్రం రాత్రయినా సరే చక్రాల మీద, కింద మంచినీళ్లు కొడుతున్నాం. అక్కడ పోటు నీరు వస్తుంది, రేవు దగ్గర చక్రాలు తడిసేది దాంతోనే.

బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పచ్చగా పేరుకుంది. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక వ్యాజిలిన్ పూశాను. బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న.

కోతలయ్యాక చేలల్లో ఎలుకలన్నీ ఇళ్ల మీద పడతాయి. బానెట్ కింద కొబ్బరిపీచు పోగు పడటం మొదలైంది, వైర్లింకా కొరకలేదు. నాన్నగారు లంక పొగాకు కాడలు నాలుగు కట్టి తెచ్చి ఇంజను పక్కన వేలాడదీశారు. ఘాటున్నన్నాళ్లు పనిచేస్తుందంటారు, తర్వాత మార్చాలి. ఫ్యాను బెల్టుకీ సైలెన్సర్‌కీ తగలకుండా కట్టాలి, అంతే. బండిని ఇచ్చేయమన్న మనిషే పొగాకు వెతుక్కుంటూ లంకల దాకా వెళ్లొచ్చారు. నేనేమీ అనలేదు.

ముక్కనుమ మర్నాడు

భోగి నాడు బండిని మంటకి దూరంగా పై వీధిలో పెట్టాం. బూడిద మీద మంచు పడితే క్షారం, రంగుకి మంచిది కాదు. కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. దుమ్ములో కొబ్బరితోటల మధ్య పెట్టి చాలా దూరం నడిచాం. అంతర్వేది బీచీ అయింది, ఇసుకా తిరిగొచ్చింది. బావగారు ముందు సీట్లో కూర్చుని ఏసీ చల్లగా ఉందన్నారు. కార్పెట్ పొడిగా ఉందని ఎవరూ అనలేదు, పొడిగా ఉన్నదాన్ని ఎవరు గమనిస్తారు.

మిగిలినవి రాసుకుంటున్నాను. ఎడమ తలుపు అడుగున మొద్దుగా మోగిన చోట కోసి కొత్త రేకు అతకాలి. మేస్త్రి గారు ఫిబ్రవరిలో రమ్మన్నారు, గాలిలో తడి తగ్గాక రంగు బాగా పడుతుందట. టైర్ల పక్కన నాలుగంకెలు 2319 అని ఉన్నాయి, అంటే 2019లో 23వ వారం తయారీ. గాడులు 1.6 మిల్లీమీటర్ల గుర్తు పైనే ఉన్నా పక్కల్లో సన్నటి పగుళ్లొచ్చాయి, ఎండలు ముదిరేలోగా మార్చాలి. బ్రేక్ ఆయిలు కూడా మార్చాలి. అది గాలిలో తడిని పీల్చుకుంటుంది, మన వాతావరణంలో రెండేళ్లకి మించి ఉంచకూడదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు కాబట్టి అప్పటికి ఇంకో డ్రమ్ము కొనాలి.